కుడి మోకాలు పెద్దోనిది, ఎడమ మోకాలు చిన్నోనిది

మోకాలు అనేది ఒక మనిషి సొంత ఆస్తి అనుకుని ఈ పనిలోకి వచ్చే కుర్ర డాక్టర్లకు ముందుగా ఒక మాట చెప్పాలి. మా జిల్లాలో మోకాలు ఉమ్మడి ఆస్తి. అది ఎవరి కాలికి ఉన్నా సరే, దాని గురించి మాట్లాడటానికి కొడుకు, కోడలు, మేనల్లుడు, పక్కింటాయన, చివరికి ఆటో నడిపిన అతను కూడా లోపలికి వస్తారు. మోకాలు నొస్తున్న మనిషి మాత్రం పెళ్లిచూపుల్లో పిల్లలాగా తల వంచుకుని, వాళ్లు చెప్పేది వింటూ కూర్చుంటుంది.

నేను కామారెడ్డిలో ఒక నర్సింగ్ హోములో ఎముకల డాక్టరుగా పనిచేసి మొన్నీమధ్యే మానుకున్నాను. వారానికొకసారి ఎల్లారెడ్డిలో కూడా కూర్చునేదాన్ని. ఇప్పుడు చిన్నవాళ్లు ఫోన్ చేసి అడుగుతుంటారు, రక్తం తీసి తిప్పి మోకాలికి వేసే ఆ సూదికి ఏ కిట్టు మంచిది, ఎంతసేపు తిప్పాలి, ఏ పక్కనుంచి గుచ్చాలి అని. అవన్నీ కంపెనీవాళ్లు బొమ్మలతో సహా చెబుతారు. కంపెనీవాళ్లు చెప్పనివి నేను రాస్తాను.

ఎముకల డాక్టరమ్మ

ఆడ డాక్టరు అంటే పురుళ్లు పోసే డాక్టరు. ఇందులో మా దగ్గర ఎవరికీ అనుమానం లేదు. నా గది ముందు బోర్డు మీద ఎముక బొమ్మ వేయించినా నెలలు నిండిన ఆడవాళ్లు వచ్చి కూర్చునేవారు. నేను ఎముకలు చూస్తానమ్మా అంటే, "కడుపుల పిల్లకు ఎముకలుండయా?" అని ఒకావిడ నిలదీసింది. 

మగవాళ్లది ఇంకో బాధ. మద్నూర్ నుంచి ఒకాయన భుజం జారిపోయి వచ్చాడు. చెయ్యి వేలాడుతోంది, ముఖం తెల్లబడింది, అయినా మగ డాక్టరు, మా సార్, వచ్చేదాకా ఆగుతానంటాడు. సార్ హైదరాబాదులో ఉన్నాడు. నేను ఆయనను బల్లమీద పడుకోబెట్టి, చెప్పు విడిచి, మడమను చంకలో ఆనించి, చెయ్యి పట్టుకుని నిదానంగా లాగాను. "ఆయీ గ!" అని మరాఠీలో ఒక కేక పెట్టాడు. ఎముక టక్కున దాని చోట్లోకి పోయింది. లేచి భుజం తిప్పి చూసుకుని, నొప్పి లేదని నమ్మకం కుదిరాక, కౌంటర్ దగ్గరకు పోయి ఫిర్యాదు చేశాడు, ఆడమనిషి కాలితో తన్నిందని. ఆ తర్వాత ఏడాది వాళ్ల బావమరిదికి భుజం జారితే, తన్నే డాక్టరమ్మ కావాలని అడిగి మరీ తీసుకొచ్చాడు.

కాబట్టి మీకు పేరు ఎట్లా వస్తుందో మీరు ఎంచుకోలేరు. వచ్చిన పేరుతో పని చేసుకోవాలి.

గుర్రం బొమ్మ

మా నర్సింగ్ హోము యజమానిని అందరూ పెద్దసారు అనేవారు. చెయ్యి తిరిగిన సర్జన్. ఆపరేషన్ గదిలో ఆయన నోరు తెరిచేవాడు కాదు. బయటికొస్తే మూసేవాడు కాదు. మూయనప్పుడు ఆయన చెప్పినదానిలో సగానికి శాస్త్రంలో చోటు లేదు.

ఆయన ఒకసారి సదస్సుకు పోయి, రక్తం తిప్పే యంత్రం కొనుక్కొచ్చాడు. రావడం రావడమే ఎల్లారెడ్డి రోడ్డు మీద పెద్ద హోర్డింగు పెట్టించాడు. దాని మీద 'మీ రక్తమే మీకు మందు' అనే అక్షరాలు, పక్కన జూలు ఎగరేస్తూ పరుగెత్తే తెల్లగుర్రం.

"సార్, గుర్రం ఎందుకు?" అని అడిగాను.

"మోకాలు అరిగిన ముసలామె ఫోటో పెడితే ఎవ్వలు చూస్తరమ్మా?" అన్నాడు.

చూశారు. మూడోనాడే నస్రుల్లాబాద్ నుంచి ఒక రైతు ట్రాలీ ఆటోలో ఎద్దును ఎక్కించుకుని వచ్చాడు. ముందుకాలు కుంటుతోందట. ఎద్దు మా వరండా ముందు దిగి, కూర్చున్న రోగులందరినీ ఒకసారి చూసి, మూత్రం పోసింది. ఇది మనుషుల దవాఖాన అని నేను, పశువుల డాక్టరు దగ్గరికి పొమ్మని మా నర్సు, ఎంత చెప్పినా ఆ రైతు వినలేదు.

"గుర్రాన్ని చూస్తరు, ఎద్దును చూడరా? దున్నేటిదంటే గంత చులకనా?" అన్నాడు.

పెద్దసారు బయటికొచ్చి ఎద్దు కాలు పట్టుకుని చూసి, గిట్టలో ఇరుక్కున్న ఇనుప ముక్కను పీకేశాడు. ఎద్దు కుంటకుండా ఆటో ఎక్కింది. ఆ రోజునుంచి నస్రుల్లాబాద్ వైపు మా యంత్రానికి ఎదురులేదు. అది అసలు తిరగనే లేదని ఎవరికీ పట్టలేదు.

ఆ సూది అంటే ఏమిటి

మీరు రోగికి చెప్పాల్సింది నాలుగు మాటల్లో చెప్పొచ్చు. చేతినుంచి కొంచెం రక్తం తీస్తాం. యంత్రంలో గిర్రున తిప్పితే ఎర్రది అడుక్కు పోతుంది, పసుపు నీళ్లు పైకి తేలతాయి. గాయం మానడానికి ఒంట్లో ఉండే సరుకు ఆ పసుపు నీళ్లలో ఉంటుంది. దాన్ని నొస్తున్న కీలులోకి ఎక్కిస్తాం.

ఈ నాలుగు మాటలకు నేను విన్న జవాబులు రాస్తే పుస్తకమవుతుంది. "నా రక్తం నాకే అమ్ముతున్నవా?" అన్నవాళ్లు చాలామంది. ప్లేట్‌లెట్లు అని నోరు జారితే ఇంకా ప్రమాదం. మా దగ్గర ఆ మాట డెంగీ జ్వరంతో పాటు వచ్చింది. "మోకాలు నొస్తున్నదంటే డెంగీ ఎక్కిస్తవా?" అని ఒక పెద్దమనిషి లేచి వెళ్లిపోయాడు.

నా అభిప్రాయం దాపరికం లేకుండా చెబుతాను. మోచేతి దగ్గర, మడమ వెనక కండను ఎముకకు కట్టే స్నాయువు చీలి మానకుండా సతాయిస్తుంటే ఈ సూది చాలామందికి అక్కరకొస్తుంది. మోకాలు కొంత అరిగినవాళ్లలో కొందరికి కొన్ని నెలలు నొప్పి తగ్గుతుంది, కొందరికి తగ్గదు. ఎముకకు ఎముక రాసుకునేదాకా వచ్చినవాళ్లకు వేయడం దండగ. పెద్దసారు మాత్రం అందరికీ "గుజ్జు మొలుస్తది" అని చెప్పేవాడు. గుజ్జు మెంతికూర కాదు మొలవడానికి. ఈ ఒక్క మాట మీద మా ఇద్దరికీ ఎన్నోసార్లు చెడింది. మీరు మాత్రం ఆ మాట అనకండి. అంటే ఆ రోజు మీ గది నిండుతుంది, ఏడాది తిరిగేసరికి నింపినవాళ్లంతా తిట్టుకుంటూ తిరిగొస్తారు.

ఇంకొకటి. సూది వేశాక రెండు మూడు రోజులు నొప్పి పెరుగుతుంది. అప్పుడు ఊళ్లోని ఆరెంపీ దగ్గరికి పోయి నొప్పి సూది పొడిపించుకుంటే మీరు వేసిందంతా బూడిదలో పోసినట్టే. రోగికి చెప్తే చాలదు, ఆ ఆరెంపీకి కూడా ఫోన్ చేసి చెప్పండి. వీలైతే ఆయనను ముందు పొగడండి.

రాజవ్వను పంచుకున్న విధం

ఇక అసలు సంగతి. ఎల్లారెడ్డిలో కూర్చున్న ఒక రోజు రాజవ్వ వచ్చింది. ఎల్లారెడ్డి దాటాక కొద్ది దూరంలో వాళ్ల ఊరు. వయసంతా బీడీలు చుట్టిన మనిషి. కుడిపక్క పెద్దకొడుకు లింగం, ఎడమపక్క చిన్నకొడుకు సాయిలు. లింగానికి ట్రాక్టరుంది, సాయిలు దుబాయిలో చేసొచ్చి కిరాణా దుకాణం పెట్టుకున్నాడు. ఇద్దరూ తల్లి రెక్కలు చెరొకటి పట్టుకున్నారు కానీ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు.

"ఏ మోకాలు?" అని అడిగాను.

"కుడిది" అన్నాడు లింగం. "ఎడమది" అన్నాడు సాయిలు.

"రెండూ" అంది రాజవ్వ.

"కుడిది నాది డాక్టరమ్మా. ఎడమది ఆయనది" అని లింగం వివరంగా చెప్పాడు. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు ఊరి పెద్దలు కూర్చుని పొలం పంచారు, ఇల్లు పంచారు, చివరికి తల్లిని పంచారు. నెల ఒక ఇంట్లో తిండి, నెల ఇంకో ఇంట్లో. ఇంతవరకు మా దగ్గర అందరూ చేసేదే. వీళ్లు ఇంకొంచెం ముందుకు పోయి, రోగం రొష్టు కూడా పంచారు. కుడి భాగం పెద్దోడు చూసుకోవాలి, ఎడమ భాగం చిన్నోడు చూసుకోవాలి.

నేను నవ్వు ఆపుకుని అడిగాను. "మరి తల నొస్తే?"

"తలకాయ ఉమ్మడి" అన్నాడు సాయిలు.

"కడుపు నొస్తే?"

"ఆ నెల ఎవ్వలింట్ల తింటే ఆళ్లది."

"నడుము?"

ఇద్దరూ మొదటిసారి ఒకరినొకరు చూసుకున్నారు. "నడుము ముచ్చట ఆయాల్ల ఎవ్వలకు యాదికి రాలే" అన్నాడు లింగం. నేను ఆ రోజు నడుము జోలికి పోలేదు.

రాజవ్వకు ఇదంతా విసుగు. "బిడ్డా, ఆళ్ల లొల్లి ఎప్పటికుండేదే. నేను మల్ల కింద కూసోని బీడీలు చేస్తనా చెయ్యనా? నాకు గదొక్కటి చెప్పు" అంది.

ఇప్పుడు ఎట్లా చేస్తున్నావు అంటే, కుర్చీలో కూర్చుని చేస్తోందట. వాడకట్టు ఆడవాళ్లందరూ సాయిలు ఇంటి అరుగు మీద ఒళ్లో చాట పెట్టుకుని, కాళ్లు ముడుచుకుని గుండ్రంగా కూర్చుంటారు. తునికాకు కత్తిరించుకుంటూ, తంబాకు నింపుకుంటూ ఊరి సంగతులన్నీ అక్కడే తేలుస్తారు. వాళ్ల మధ్యలో రాజవ్వ ఒక్కతే కుర్చీ మీద.

"కుర్చీల కూసుంటే పోలీసోని లెక్క కనబడుతున్న బిడ్డా. నేను ఒచ్చుడుతోనే ముచ్చట బందు పెడుతున్నరు. ఇగ ఆ బీడీలు చేసి ఏం లాభం?" అంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లలో మోకాలి నొప్పి గురించి నేను విన్న మాటల్లో ఇంత సూటి మాట ఇంకొకటి లేదు. ఆమెకు పోయింది నడక కాదు, ముచ్చట్లలో చోటు. అది నాకు బాగా తగిలింది.

ఎక్స్‌రే చూశాను. అరిగింది కానీ మరీ చేయి దాటలేదు. గుజ్జు మొలవదు, నొప్పి కొంత తగ్గవచ్చు, కాళ్లు ముడుచుకుని కూర్చోవడం అనుమానమే, పొట్టి పీట మీద కూర్చుని వాళ్లతో కలవొచ్చు అని చెప్పాను. రాజవ్వ పీటకు ఒప్పుకుంది. కొడుకులు సూదికి ఒప్పుకున్నారు.

కుడి చేతి రక్తం, ఎడమ చేతి రక్తం

సూది వేయడానికి కామారెడ్డికి రమ్మన్నాను. వచ్చారు. నేను రాజవ్వ కుడి చేయి పట్టుకోగానే సాయిలు అడ్డం వచ్చాడు.

"కుడి చేతి రక్తం కుడి మోకాలికి ఎయ్యి డాక్టరమ్మా. మా ఎడమ మోకాలికి ఎడమ చేతిదే ఎయ్యాలె."

"రక్తం ఎక్కడ తీసినా ఒకటేనయ్యా. లోపల గుండె ఒక్కటే" అన్నాను.

"అది సైన్సు. మాట మాటనే గద. రేపు మా అన్న నా దిక్కు రక్తం ఆయన దిక్కు వాడుకున్నడని ఊర్ల మాటొస్తది."

"అది నీ రక్తం కాదు, మీ అమ్మ రక్తం!"

"ఎడమ చేతిది గద" అన్నాడు.

లింగం కూడా తమ్ముడి మాటే న్యాయమన్నాడు. నేను అరవబోయాను. అప్పటికే రాజవ్వ రెండు చేతులూ చాపి, "తియ్యి బిడ్డా, పని ఒడిశిపోతది" అంది. రెండు చేతుల్లోంచి తీశాను. గొట్టాల మీద కుడి అని, ఎడమ అని చీటీలు అంటించాను.

ఆ యంత్రానికి ఒక స్వభావం ఉంది. ఒక గొట్టాన్ని ఒంటరిగా పెట్టి తిప్పితే అది ఊగిపోతుంది, బల్ల మీద నడుచుకుంటూ అంచుదాకా పోతుంది. ఎదురుగా అంతే బరువున్న ఇంకో గొట్టం ఉండాలి. మామూలుగా ఎదుటి గొట్టంలో నీళ్లు పోసి పెడతాం. ఆ రోజు నీళ్ల అవసరం రాలేదు. కుడికి ఎదురు ఎడమ పెట్టి తిప్పితే ఎన్నడూ లేనంత నిమ్మళంగా తిరిగింది. అన్నదమ్ములిద్దరూ దాని ముందు నిలబడి, ఓట్ల లెక్కింపు దగ్గర ఏజెంట్లలాగా చూశారు. గొట్టాలు తీశాక, తన దాంట్లో పసుపు జెర తక్కువుందని సాయిలుకు అనుమానం వచ్చింది. వెలుతురుకు పట్టి చూపించి, ఒప్పించి, రెండు మోకాళ్లకూ వేసి పంపాను.

కొన్ని వారాల తర్వాత ఎల్లారెడ్డికి మళ్లీ వచ్చారు.

"నా కాలు మంచిగైంది డాక్టరమ్మా! ఆయన కాలే ఇంక గుంజుతున్నదట" అన్నాడు లింగం.

"నా కాలు ఫస్ట్ క్లాస్. అటుదిక్కుదే తగ్గలే" అన్నాడు సాయిలు.

ఇద్దరినీ బయటికి పంపి చూశాను. రెండు మోకాళ్లూ వాచి, వెచ్చగా ఉన్నాయి. "నిజం చెప్పు అవ్వా" అన్నాను.

"రెండూ నొస్తున్నయ్ బిడ్డా. పెద్దోనితోని నీ కాలు మంచిగున్నది, చిన్నోని కాలే గుంజుతున్నదని చెప్తున్న. చిన్నోనితోని ఉల్టా చెప్తున్న. కొడుకులు గద. గింత దూరం తోలుకచ్చి సూదులేపిచ్చిన్రు, ఎవ్వలనని మనసు నొప్పియ్యాలె?"

గోడ

అంత అరగని మోకాళ్లు అంతగా ఎందుకు వాస్తున్నాయో నాకు అంతుపట్టలేదు. రోగి చెప్పింది, ఎక్స్‌రే చెప్పింది సరిపోలకపోతే ఆ రోగి ఇల్లు చూడాలి. ఈ సలహా ఏ పుస్తకంలోనూ దొరకదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ సాయంత్రం కామారెడ్డికి తిరిగి పోకుండా, కారును ఉల్టా తిప్పించి వాళ్ల ఊరికి పోయాను.

ఇల్లు ఒక్కటే. నడిమధ్యలో నిలువుగా ఒక గోడ. గోడకు ఇటు లింగం, అటు సాయిలు. లింగం వాకిలి పెద్ద రోడ్డు మీదికి, సాయిలు వాకిలి వెనక గల్లీలోకి. వేరుపడ్డాక లింగం తన వాకిలి ముందు మెట్లు ఎత్తుగా కట్టించాడు. అది చూసి సాయిలు ఇంకొక మెట్టు ఎక్కువ కట్టించాడు. రాజవ్వ కట్టించుకున్నదేమీ లేదు. రెండూ ఎక్కి దిగేది మాత్రం ఆమే.

ఆ నెల తిండి లింగం ఇంట్లో. బీడీలు సాయిలు అరుగు మీద. పొద్దున చాయ తాగి మెట్లు దిగి, గల్లీ చుట్టూ తిరిగి, మురికినీళ్ల మోరీ మీది బండ దాటి, ఆ మెట్లెక్కి అరుగు చేరాలి. అన్నానికి మళ్లీ ఇటు. అన్నం తిని మళ్లీ అటు. మనుమడు ఏడిస్తే ఒకసారి, మనుమరాలు పిలిస్తే ఒకసారి. నేను ఆమె వెనకాల ఒక్క చుట్టు తిరిగాను. తిరిగొచ్చి అరుగు మీద కూలబడి నా మోకాళ్లు నేనే పిసుక్కున్నాను.

కుండకు అడుగున చిల్లు ఉంచుకుని పైనుంచి నీళ్లు పోసినట్టు చేశాను. నాకు కోపమొచ్చింది. ఆమె మీద కాదు, ఆ మెట్ల మీద.

"గోడకు ఒక దర్వాజ పెడితే నాలుగు అడుగుల్లో పోతావు కదా అవ్వా!"

"గట్ల అనకు బిడ్డా. గోడ లేపిన్నాడు ఊరంత ఉన్నది. పెద్దమనుషుల మాట" అంది భయంగా.

కొడుకులిద్దరూ ఇంట్లో లేరు. ఉంటే అక్కడే తగాదా అయ్యేది. సంచిలోంచి మందుచీటీ తీసి, డాక్టరునయ్యాక మొదటిసారి దాని మీద తెలుగులో రాశాను. దర్వాజ, ఒకటి. గడప లేకుండా. జీవితాంతం. సంతకం పెట్టి, ఇద్దరికీ కలిపి ఇవ్వమని రాజవ్వ చేతిలో పెట్టాను.

దొరకని మందు

వారం తిరగకుండానే అన్నదమ్ములు కామారెడ్డికి వచ్చారు. ఒక్కటే మోటారు సైకిలు మీద వచ్చారని మా నర్సు పరుగెత్తుకొచ్చి చెప్పింది.

"ఎల్లారెడ్డిల ఏ మెడికల్ షాపుల దొరకలే డాక్టరమ్మా" అన్నాడు లింగం. "ఒకాయన కొత్త కంపెనీ అన్నడు. ఇంకొకాయన యూనానీ మందు కావచ్చన్నడు. ఆఖరుకు ఒకాయన, అది లేదు గాని దానసొంటిదే ఇంకొకటున్నదని గిది ఇచ్చిండు."

బల్ల మీద క్యాల్షియం గోలీల డబ్బా పెట్టాడు. మందుచీటీ మీద ఏం రాసినా, లేదనకుండా దానిలాంటిది ఇంకొకటి చేతిలో పెట్టడం మా మెడికల్ షాపుల ఆనవాయితీ. కానీ దర్వాజకు కూడా బదులు మందు ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు.

"దర్వాజ అంటే ఏందో మీకు తెల్వదా?" అన్నాను.

"తెలుసు" అన్నాడు సాయిలు. "గని మందుచీటీ మీద రాస్తివి గద. మందే అయితదనుకున్నం."

విడమరిచి చెప్పాను. మెట్లు, గల్లీ, మోరీ, వాపు. మోకాలి మీద ఎక్కే బరువు ఎంతో చేతులతో చూపించాను. బొమ్మ గీశాను. వాళ్లు వింటున్నట్టే విని, గోడ పెద్దమనుషులది అన్నారు. దర్వాజ ఎటు దిక్కు తెరుచుకోవాలె అన్నారు. గొళ్లెం ఎవ్వల దిక్కుంటది అన్నారు. ఇద్దరూ నాకే చెబుతున్నారు, ఒకరితో ఒకరు మాట్లాడటం లేదు. నా గొంతు పెరిగింది. పక్క గదిలోంచి పెద్దసారు వచ్చాడు.

సంగతంతా విన్నాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆపరేషన్‌కు ముందు పెట్టే ముఖం పెట్టాడు.

"మీ అమ్మ రక్తం రెండు చేతులకెళ్లి ఏరుజేసి తీయించింది మీరేనా?"

"మేమే సారు" అన్నారు.

"గంత పని ఎందుకు చేసిండ్రయ్యా! ఒక్క గుండెల పుట్టిన రక్తం అది. ఏరుజేసి చెరో కాలికి ఎక్కిస్తే లోపల దానికోసం ఇది, దీనికోసం అది ఎతుక్కుంట దేవులాడుతది. ఆమె పెద్దోనింట్ల పండుకుంటే ఎడమ కాలు అటుదిక్కు గుంజుతది. చిన్నోనింట్ల పండుకుంటే కుడి కాలు ఇటుదిక్కు గుంజుతది. నడుమ గోడాయె. ఇంక మందు ఎట్ల పడుతది?"

నేను నోరు తెరిచాను. ఇది గుజ్జు మొలవడం కంటే పెద్ద అబద్ధం. కానీ లింగం ముఖం పాలిపోయింది.

"గందుకేనా! అమ్మ నాతోని ఎప్పటికీ ఎడమకాలే గుంజుతున్నదంటది!"

"నాతోని కుడికాలు గుంజుతున్నదంటది అన్నా!" అన్నాడు సాయిలు.

అన్నా అనే మాట అన్నాక సాయిలు ఆగిపోయాడు. గోడ లేచిన తర్వాత ఆ పిలుపు అదే మొదలట, తర్వాత రాజవ్వ చెప్పింది. ఇద్దరూ మందు డబ్బా అక్కడే మర్చిపోయి లేచి వెళ్లిపోయారు.

నేను తెరిచిన నోరు మూసుకున్నాను. ఎక్స్‌రే, బొమ్మ, చెమటోడ్చి చెప్పిన శాస్త్రం గోడకు గీత కూడా పెట్టలేకపోయాయి. పెద్దసారు వెళ్తూ వెళ్తూ, "ఏమ్మా, గుజ్జు మొలిచిందా లేదా?" అని కన్నుగీటాడు. ఆయన ఏ రోగి ముందూ ఆ మాట అనకూడదనే ఇప్పటికీ నా గట్టి అభిప్రాయం. ఆ ఒక్కరోజు మాత్రం నాకు పట్టరాని సంతోషమైంది, దాచను.

దర్వాజ

ఈసారి కూడా ఎవరూ పిలవకుండానే వాళ్ల ఊరికి పోయాను. గోడకు దర్వాజ పడింది. చీటీలో రాసినట్టే గడప లేదు. తలుపు ఎటు తెరుచుకోవాలో, గొళ్లెం ఎటు ఉండాలో పెద్దమనుషులు రెండు పూటలు కూర్చున్నా తెగలేదట. తెగక తలుపే పెట్టలేదు. ఒట్టి చెక్క చౌకట్టు, నడుమ ఖాళీ.

ఆ ఖాళీలో రాజవ్వ కూర్చుని ఉంది. పొట్టి పీట వేసుకుని, చౌకట్టు ఒక పక్కకు వీపు ఆనించి, రెండో పక్కకు ముఖం పెట్టుకుంది. కుడికాలు లింగం ఇంట్లోకి, ఎడమకాలు సాయిలు ఇంట్లోకి చాపుకుంది. ఒళ్లో చాట ఉంది. బీడీల ఆడవాళ్లంతా అరుగు వదిలేసి, ఆమె చుట్టూ సగంమంది ఇటు, సగంమంది అటు చేరారు. నేను పోయేసరికి ఎవరి కోడలి సంగతో మంచి రసపట్టులో ఉంది. నన్ను చూసినా ఆపలేదు.

"దర్వాజ నడుమ కూసుంటే దరిద్రమంటరు గదనే రాజవ్వా" అంది ఒకావిడ ఎగతాళిగా.

"కూసోవద్దన్నది గడప మీద. డాక్టరమ్మ గడపనే పెట్టొద్దన్నది, ఇగ తప్పేడిది?" అంది రాజవ్వ, ఆకు చుడుతూనే.

నేను వంగి రెండు మోకాళ్లూ తడిమి చూశాను. వాపు దిగింది. అది సూది వల్లనా, మెట్లు తప్పడం వల్లనా అని మీరు అడుగుతారు. పెద్దసారును అడిగితే సూది అంటాడు. నాకు తెలియదు. తెలియదని చెప్పడం కూడా ఈ పనిలో నేర్చుకోవాల్సిందే.

"ఇప్పుడు నొప్పెట్లుంది అవ్వా? కుడిదా, ఎడమదా?" అని అడిగాను.

రాజవ్వ ఇటు చూసింది. లింగం వాకిట్లో ట్రాక్టరు కడుగుతున్నాడు. అటు చూసింది. సాయిలు అన్న ఇంట్లోని చాయ గ్లాసు తన ఇంట్లోకి తీసుకుపోతున్నాడు.

"ఉన్నది బిడ్డా, యాడికి పోతది" అంది. "గని ఇప్పుడు ఉమ్మడిల ఉన్నది."